కునుకు తీసే కన్ను

ఆ గదికి ఒకటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. ఎండ నేరుగా రాదు. ఉతికి నీడన ఆరేసిన తెల్లబట్ట లాంటి వెలుతురు మాత్రం పొద్దున తొమ్మిదింటికి మెల్లగా లోపలికి వచ్చి బల్ల మీద పరుచుకుంటుంది. పదకొండున్నర దాకా కదలదు. ఆ రెండున్నర గంటలే రంగులమ్మ పనివేళ. ఆ తర్వాత ఎవరు బతిమాలినా ఆమె కుంచె ముట్టదు. ట్యూబులైటు కింద గోధుమరంగు మాట మారుస్తుందని అంటుంది.

ఆమె వేసేది కళ్ళు. దెబ్బ తగిలో జబ్బు చేసో ఒక కన్ను పోగొట్టుకున్నవాళ్ళకు, ఉన్న కంటికి జతగా రెండోది. అందరూ అనుకున్నట్టు అది గోళీ కాదు, లోపలికి వంగిన చిన్న పెంకు. దాన్ని కంటిగుంత కొలతకు పోతపోసి నున్నగా రుద్దేది ఆ పనిశాల నడిపే పెద్దాయన. ఆయన వేళ్ళతో చూసే మనిషి, రంగుల జోలికి రాడు. చొక్కా గుండీ అంత నల్లటి బిళ్ళ మీద పొర మీద పొరగా నల్లగుడ్డును వేయడం, ఎర్రపట్టు దారాన్ని పోగులు పోగులుగా విడదీసి తెల్లగుడ్డు మీద నరాల్లా పరచడం, ఈ రెండూ రంగులమ్మ పనులు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె పనులే.

అంతకుముందు ఆమె పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ఉండేది. తిరిగే చక్రం మీద కప్పు, చేతిలో కుంచె, ఊపిరి బిగబట్టి అంచు చుట్టూ ఒకే ఒక నీలిగీత. మొదలైన చోటే ముగియాలి, కలిసిన జాడ కనబడకూడదు. రోజుకు ఆరువందల కప్పులు. ఒకరోజు పెద్దాయన టీ తాగి, కప్పును అటూ ఇటూ తిప్పి, గీత మొదలెక్కడో వెతికి వెతికి దొరక్క, ఫ్యాక్టరీ అడ్రసు పట్టుకుని వచ్చేశాడు. "ఈ గీత ఎవరిది?" అని అడిగితే అందరూ తప్పేదో జరిగిందనుకున్నారు. ఆమె చెయ్యెత్తింది.

ఆయన ఆమెకు నేర్పింది ఒక్కటే మాట. "నీకు తెలిసింది వెయ్యకు. కనబడింది వెయ్యి." ఆ మాటను ఆమె కుంచెల డబ్బాలోనే పెట్టుకుంది. ఎదురుగా కుర్చీలో మనిషి కూర్చుంటే, ఆ మనిషి కన్ను ఎలా ఉంటే అలా. పాప చుట్టూ తేనె చారలుంటే తేనె చారలు, ఒక మూల ఇసుకరేణువంత మచ్చ ఉంటే ఆ మచ్చ. బస్సులోనూ, బజారులోనూ ఆమె ముందు కళ్ళను చూసేది, మనిషిని తర్వాత చూసేది. "అక్కా, అలా చూడకు. దొంగను పట్టుకోడానికి వచ్చావనుకుంటారు," అనేవాడు తమ్ముడు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె తమ్ముడింటి మేడ మీది గదిలో ఉంటోంది.

దూరపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళతోనే ఇబ్బంది. కొలతకోసారి, రంగుకోసారి, అమర్చడానికోసారి. మూడుసార్లు పని మానుకుని రావడం అందరివల్లా కాదు. కొలత అచ్చునైతే ఏ ఊరి కంటి ఆసుపత్రిలోనైనా తీసి పార్సిల్ పంపుతారు. రంగు ఎలా పంపడం? దానికి పెద్దాయన ఒక యాప్ చేయించాడు. ఆ ఊళ్ళోని నర్సు తన ఫోన్‌లో యాప్ తెరిచి, మనిషికి ఉన్న మంచి కన్నును ఫొటో తీస్తుంది. అది ఇక్కడ పనిశాలలోని ట్యాబ్‌లో, రంగులమ్మ బల్ల మీద తెరుచుకుంటుంది. యాప్ రాసింది ఎవరో కాదు, తమ్ముడి భార్యే. ఇంట్లో కూర్చుని అలాంటి పనులు చేసే పిల్ల.

మరదలు పని చురుకైనదే కానీ ఆమెకొక బలహీనత ఉంది. కళ్ళను దగ్గరగా చూడలేదు. ఎవరైనా కంట్లో మందు వేసుకుంటుంటే పక్కగదిలోకి పారిపోతుంది. రంగులమ్మ భోజనాల దగ్గర పని కబుర్లు మొదలుపెడితే, "వదినా, మీకు దణ్ణం పెడతాను, ఈ ముద్ద దిగాక చెప్పండి," అంటుంది. అందుకే యాప్ తయారైనన్నాళ్ళూ ఆమె ఫొటోలు తీసి పరీక్షించింది కంటిని కాదు, తన పసుపుపచ్చ కాఫీ కప్పును. కప్పు తీసింది, పంపింది, చూసింది. కప్పు కప్పులాగే ఉంది. ఇంకేం కావాలి?

యాప్‌లో మొదట వచ్చిన కన్ను ఒక సెలూన్ అతనిది. దుకాణంలో ఏదో స్ప్రింగు ఎగిరి తగిలి ఎడమ కన్ను పోయింది. నర్సు తీసిన కుడికంటి ఫొటోను రంగులమ్మ ట్యాబ్ నిండా తెరిచింది.

మంచు.

గోధుమరంగులో ఒక గుండ్రటి మంచు. దాని నడుమ నల్లటి మరక. చారలు లేవు, అంచు లేదు, మచ్చ లేదు. తెల్లగుడ్డు మీద లేత గులాబీ ఛాయ ఉంది గానీ ఒక్క నరం విడిగా లేదు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ట్యాబ్ తుడిచింది. కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళింది. దూరంగా పెట్టి చూసింది, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టి చూసింది. మంచు కదల్లేదు.

ఫొటో తప్పేమో అన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎదురుగా ఉన్న కన్ను ఆమెతో ఎన్నడూ అబద్ధమాడలేదు. కనబడకపోతే లోపం చూసేవాళ్ళలోనే ఉండాలి. యాభై దాటింది. ఎప్పుడో ఒకప్పుడు రావలసిందే, వచ్చిందనుకుంది. గుండెలో ఏదో జారి, చాలా లోతున నీళ్ళలో పడిన చప్పుడు వినబడింది. పెద్దాయన పక్కగదిలో పెంకు రుద్దుతూ, "ఎలా వచ్చిందమ్మా ఫొటో?" అని కేకేశాడు.

"బాగానే వచ్చిందండీ," అంది.

కనబడింది వేసింది. మంచును మంచులాగే, మూడు పొద్దులు కూర్చుని, ఎంతో నేర్పుగా వేసింది.

అమర్చిన పది రోజులకు ఫోన్ వచ్చింది. పెద్దాయన స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అటు సెలూన్ అతను.

"అయ్యా, కొలత బ్రహ్మాండం. గుచ్చుకోవడం లేదు, జారడం లేదు. ఒక్కటే సంగతి... కన్ను నిద్రపోతోందండీ."

"రెప్ప సరిగా లేవడం లేదా?"

"రెప్ప బాగానే లేస్తోంది. లోపలుందే, అది కునుకు తీస్తోంది. కుడి కన్ను పనిలో ఉంటుంది, ఎడమది ఇప్పుడే దుప్పటి తీసినట్టుంటుంది. నాకు పొద్దస్తమానం అద్దం ముందే కదండీ పని, ఎటు తిరిగినా అదే ఎదురొస్తోంది. సరే, నా మాట వదిలెయ్యండి. గడ్డం గీయించుకునేవాళ్ళు అద్దంలో నన్ను చూసి మెడ వెనక్కి లాక్కుంటున్నారు. కత్తి పట్టుకున్నవాడు జోగుతుంటే మెడ ఎవడు చాపుతాడు చెప్పండి? నిన్న ఒకాయన సగం గడ్డంతో లేచిపోయాడు. 'పోయి కాస్త టీ తాగిరా' అని నాకే సలహా."

పెద్దాయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. రంగులమ్మకు నవ్వు రాలేదు.

"బాబూ, తప్పు నాది," అంది ఫోన్ వైపు వంగి. "ఇంకోటి చేసి పంపుతాం."

"అయ్యో, తప్పని కాదమ్మా..." అంటున్నాడు అతను. ఆమె అప్పటికే లేచి కిటికీ దగ్గర నిలబడింది.

మరునాడు పనివేళ అయిపోయాక పెద్దాయన దగ్గరకు వెళ్ళి, "ఈ నెలాఖరు దాకా వస్తాను. ఆ తర్వాత ఇంకెవరినైనా చూసుకోండి," అంది. ఆయన చేతిలోని పెంకును బల్ల మీద పెట్టాడు.

"ఒక్క ఫోన్‌కేనా?"

"ఫోన్ వల్ల కాదండీ."

"మరి?"

ఆమె తన గదిలోకి వచ్చి కుంచెలన్నీ సబ్బుతో కడిగి, మొనలు సరిచేసి ఆరబెట్టి, నరాలకు వాడే ఎర్రపట్టు దారంతో కట్ట కట్టింది.

ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ మేడ మీద దీపం తొందరగా ఆరిపోతోందనీ, వదిన కూరలో ఉప్పు గురించి పేచీ పెట్టడం మానేసిందనీ మరదలు కనిపెట్టింది. "ఏంటి వదినా, ఎవరిమీదో అలిగినట్టున్నారు? నా మీదైతే చెప్పండి, నేను కూడా అలిగి లెక్క సరిచేస్తాను," అంది. రంగులమ్మ నవ్వేసింది.

ఆదివారం పొద్దున, యాప్‌లో కొత్త బటన్ ఒకటి పెట్టాలని మరదలు ట్యాబ్‌ను ఇంటికి తెప్పించుకుంది. సోఫాలో కూర్చుని పనిచేస్తూ మధ్యలో పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరుగెత్తింది. ట్యాబ్ రంగులమ్మ ఒళ్ళో పడింది. తెర మీద ఆమె వేలు ఎక్కడో తగిలి, ట్యాబ్‌లోని మామూలు ఫొటోల పెట్టె తెరుచుకుంది. అందులో ఉన్నది ఒకటే ఫొటో. పోయిన నెల కొత్త కుంచెలు తెప్పించడానికి, ఏవేవి అరిగాయో కొట్టువాడికి చూపించాలని పెద్దాయన ఆమె కుంచెల పళ్ళేన్ని ట్యాబ్‌తోనే తీసిన ఫొటో.

తన కుంచెలు కదా అని ఊరికే చూసింది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. కుంచె కాడ మీద అరిగిపోయిన నంబరు కనబడింది. ఇంకా పెద్దది చేసింది. మూడో కుంచె మొనలో ఒక్క వెంట్రుక పక్కకు వంగి ఉంది. దాన్ని కత్తిరించాలని అనుకుని మరచిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఆ వెంట్రుక చివర, ఆవగింజలో పదో వంతు ఉంటుందేమో, ఎండిన నీలం.

ఆమె చాలాసేపు ఆ నీలాన్ని చూస్తూ కూర్చుంది. వాన వెలిశాక ఆకు చివర ఆగిన చుక్కలా అది అక్కడే ఉంది.

మరదలు పాలగిన్నె దించి వచ్చింది.

"ఇలా కూర్చో," అంది రంగులమ్మ. "ఇదీ ఫొటోయే, అదీ ఫొటోయే. ఇదీ ఈ ట్యాబే, అదీ ఈ ట్యాబే. ఇందులో కుంచె వెంట్రుక కనబడుతోంది. నీ యాప్‌లో కన్నే కనబడటం లేదెందుకు?"

"కనబడకపోవడమేంటి? నేను చూశాను కదా."

"ఏం చూశావు?"

"కప్పు."

"కన్ను చూశావా?"

రంగులమ్మ యాప్ తెరిచి సెలూన్ అతని కన్నును తెర నిండా పెట్టింది. మరదలు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత వేళ్ళ సందులోంచి చూసింది. తర్వాత చెయ్యి తీసేసి, జీవితంలో మొదటిసారి ఒక కంటిలోకి సూటిగా చూసింది. భయపడటానికి అక్కడ ఏమీ లేదు. అసలు ఏమీ లేదు.

"అయ్యో వదినా. ఇది ఫొటో కాదు."

"మరి?"

"నమూనా. కెమెరాకు మనం పని చెప్పి పంపుతాం కదా, తీసిన పెద్ద ఫొటో ఎక్కడ పెట్టాలో కూడా ముందే చోటు చూపించి పంపాలి. చూపించకపోతే అది పెద్దదాన్ని వదిలేసి, గోరంత ముక్కను చేతిలో పెడుతుంది, ఇలా వచ్చింది అని తెలియడానికి. నేను చోటు చూపించడం మరిచిపోయాను. ఆ గోరంత ముక్కనే సాగదీసి తెరంతా పరిచాను. ఫోన్‌లో చిన్న గడిలో చూసుకున్నానా, బాగానే కనబడింది. పైగా అది కప్పు. కప్పుకేముంది, పచ్చగా గుండ్రంగా ఉంటే కప్పే."

"పెద్దది ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడా లేదు. చోటు లేక పోయింది. మళ్ళీ తీయాల్సిందే." మరదలు తల పట్టుకుంది. "ఇంత మంచులో ఎలా వేశారు మీరు? కనబడటం లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? కళ్ళు చేసేదానికి కళ్ళు కనబడటం లేదనా?"

అని నవ్వబోయింది. మరదలికి ఒక్కసారిగా అర్థమైంది, ఆరిపోతున్న దీపమూ, పేచీ పెట్టని ఉప్పూ.

"పని మానేస్తానని చెప్పారా ఏంటి అక్కడ?"

"నెలాఖరుకు."

మరదలు లేచి వెళ్ళి తన కాఫీ కప్పును సింకులో బోర్లించి వచ్చింది, అదే ఈ తప్పంతా చేసినట్టు.

తర్వాతి నాలుగు రోజులూ ఇంట్లో కళ్ళ జాతరే. ఈసారి మరదలు కప్పు జోలికి పోలేదు. మొగుణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి కన్ను తీసింది. పెద్ద ఫొటోకు చోటు చూపించింది, అది బుద్ధిగా వచ్చి అక్కడ కూర్చుంది. తెరిస్తే ట్యాబ్ ఆ ఫొటో బరువు మోయలేక బిగుసుకుపోయింది. దాన్ని సరిచేస్తే కన్ను నిలువుగా వచ్చింది.

"ఏంటిది, మీ తమ్ముడు గోడకు ఆనించిన నిచ్చెనలా ఉన్నాడు."

"ఫోన్ నిలువుగా పట్టుకుని తీశావుగా," అన్నాడు తమ్ముడు. "నేను కదిలితే తిట్టావు. ఇప్పుడు చూడు, కదిలింది నేను కాదు."

"మీరు మాట్లాడకండి. కన్ను కదులుతోంది."

ఎలా పట్టుకుని తీసినా తిన్నగా తెరుచుకునేలా దాన్నీ సరిచేసింది. గురువారం పొద్దున తమ్ముడి కన్ను తెర నిండా, అడ్డంగా, నిశ్చలంగా పరుచుకుంది. మరదలు దాన్ని దగ్గరగా చూసి, "మీ కంట్లో ఆకుపచ్చ కూడా ఉందే. ఏడేళ్ళయింది, నేను చూడనే లేదు," అంది మెల్లగా. రంగులమ్మ ఏదో పని ఉన్నట్టు మేడ మీదికి వెళ్ళిపోయింది.

కుంచె వెంట్రుక కనబడింది నిజమే. అయినా రాత్రీ పగలూ మనసులో పడి ఉన్న మాట ఒక్క ఫొటోతో లేచిపోదు. పళ్ళెం ఫొటో కనబడటం వేరు, కన్ను వేయగలగడం వేరు. అందుకే పెద్దాయనతో నెలాఖరు సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు, వేరే మనిషిని వెతకనూ లేదు.

సెలూన్ అతని కొత్త ఫొటో సోమవారం వచ్చింది. రంగులమ్మ కళ్ళజోడు సర్దుకుని ట్యాబ్ మీద వేలు ఆనించింది.

మొదట రంగు కాదు, లోతు కనబడింది. వేసవిలో నీళ్ళు తగ్గిన బావిలోకి వంగి చూసినప్పటి లోతు. నల్లగుడ్డు చుట్టూ పొగరంగు అంచు. దాని లోపల చెక్కను చీల్చినప్పుడు కనబడే గీతల్లాంటి గోధుమ పోగులు, కొన్ని పాప దాకా వెళ్ళి, కొన్ని సగంలోనే తడబడి ఆగిపోయి. పాపను ఆనుకుని తేనెరంగు, చిరిగిన కాగితం అంచులా. గడియారంలో అయిదు ఉండేచోట ఒక తుప్పు చుక్క. తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి రెండు నరాలు బయలుదేరి, ఒకటి మూడుగా చీలింది. పైన, తడి మెరిసేచోట, గోరంత కిటికీ. ఆ కిటికీలో ఫోన్ పట్టుకున్న నర్సు, ఆమె తల వెనక్కి ముడిచిన జుట్టు. ఇంకా దగ్గరికి వెళితే ఆమె చేతి గడియారంలో టైము కూడా దొరుకుతుందేమో అనిపించింది.

ఇది కునుకు తీసే మనిషి కన్ను కాదు. ఇరవై ఏళ్ళుగా ఇతరుల మెడల మీద కత్తి పెట్టి ఒక్క గాటు పడనివ్వని మనిషిది.

కుంచెల కట్ట విప్పలేదు. ముడి అలాగే ఉంచి, అందులోంచి సన్నకుంచెను ఒక్కదాన్ని లాగింది. నల్లటి బిళ్ళను పుల్ల చివర అంటించుకుని పొగరంగుతో మొదలుపెట్టింది. పొర వేసి ఆరనివ్వడం, దాని మీద నీటిచుక్క వేసి చూడటం, పైపూత పడ్డాక రంగు ఎలా ఉంటుందో ఆ చుక్కే చెబుతుంది. తుడవడం, మళ్ళీ పొర. పదకొండున్నరకు ఆపడం. మూడో పొద్దున తుప్పు చుక్క మిగిలింది. అది ఒక్క తాకులో పడాలి, రెండోసారి ముట్టుకుంటే చుక్క మరకవుతుంది. ఊపిరి బిగబట్టింది. పందొమ్మిదేళ్ళప్పుడు తిరిగే కప్పు ముందు బిగబట్టిన ఊపిరే. పెట్టింది. నీటిచుక్క వేసి ట్యాబ్ పక్కన పట్టుకుంది.

అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

కన్ను వెళ్ళిన వారానికి, సరిగ్గా నెలాఖరు రోజు, ఫోన్ రాలేదు. పెద్దాయన అటూ ఇటూ తిరిగి, నాలుగుసార్లు గడియారం చూసి, చివరికి తనే చేశాడు. స్పీకరులో ముందు కత్తెర చప్పుడు వినబడింది, తర్వాత సెలూన్ అతని గొంతు.

"అయ్యా, ఇప్పుడే చేద్దామనుకుంటున్నాను. బాగుందండీ. పొద్దున ఒకాయన కుర్చీలో కూర్చుని, 'ఏంటలా గుడ్లురుముతున్నావు, నేనేం చేశాను?' అని అడిగాడు. చేతిలోని దువ్వెన పక్కన పెట్టి దణ్ణం పెట్టాలనిపించింది."

రంగులమ్మ ఫోన్ దగ్గరకు వంగింది. ఆమెకు కావలసింది కుర్చీలో కూర్చున్నవాళ్ళ మాట కాదు.

"అద్దంలో మీకెలా ఉంది బాబూ?"

అటువైపు కత్తెర ఆగింది.

"అద్దంలోనా?" అన్నాడు అతను, ఏదో మరచిపోయినవాడిలా. "పొద్దుట్నుంచీ చూసుకోలేదమ్మా. పనిలో పడిపోయాను. ఉండండి, ఇప్పుడు చూసి చెబుతాను."

"వద్దులే," అంది రంగులమ్మ. "పని చూసుకోండి."

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ట్యాబ్‌లో ఇంకొకటి వచ్చి ఉందమ్మా," అన్నాడు గోడ వైపు చూస్తూ. "ఎవరో టీచరమ్మది. తొందరేం లేదట."

ఆమె బల్ల ముందు కూర్చుంది. పది గంటలయింది, వెలుతురు ఇంకా చాలా ఉంది. ట్యాబ్ తెరిచి టీచరమ్మ కన్నును చూసింది. నరాలు ఎక్కువే, రాత్రుళ్ళు పరీక్ష కాగితాలు దిద్దుతుంది కాబోలు. కుంచెల కట్టను దగ్గరికి లాక్కుని ముడి విప్పింది. విప్పిన ఎర్రదారం పారెయ్యలేదు. కిటికీ వైపు పట్టుకుని, గోటితో కొస విడదీసి, అందులోంచి అన్నిటికన్నా సన్నటి పోగును మెల్లగా బయటికి లాగింది.